దారానికి అందని సరస్సు

ఆ దర్జీ ఊళ్ళో ఎవరికి ఏది కుట్టినా, రేపు లావైతే విప్పుకోవడానికి లోపల అంగుళం గుడ్డ వదులుతాడు. నేషనల్ పార్కుల యాత్రనూ అలాగే కత్తిరించాడు. తొమ్మిది రోజుల్లో కారు తిరగగల దూరానికి మ్యాపు కొలతలో సరిపడా ఎర్రదారం తెంచి, టైరు పంచరైతేనో, పిల్లలకు వాంతులైతేనో అక్కరకొస్తుందని చివరి జానెడు మడిచి గుండుసూది గుచ్చాడు. మిగిలిన దారాన్ని మ్యాపులోని రోడ్ల వంపుల వెంట పేర్చాడు. మూడు పార్కులు చుట్టి ఇల్లు చేరేసరికి దారం అయిపోయింది. నాలుగోది, భార్య పెళ్ళైనప్పటి నుంచి అడుగుతున్న కొంగల సరస్సు, దారి మీదే లేదు.

భార్య సూది వంక చూసింది. "ఇదేంటి?"

"అదనం. కాస్త వదలాలి కదా."

"నా బట్టల్లో ఎప్పుడైనా వదిలారా? పదిహేనేళ్ళుగా ఊపిరి బిగబట్టుకునే తిరుగుతున్నాను."

కూతురు కిసుక్కున నవ్వింది. దర్జీ సూది పీకి, దారాన్ని మళ్ళీ పేర్చాడు. ఈసారి అది సరస్సును చుట్టి వెనక్కి వచ్చి, ఇంటికి వేలెడు దూరంలో ఆగిపోయింది.

"చాల్లేదే," అన్నాడు.

"ఆ కాస్తా కారు నెట్టుకుంటూ వద్దాం లెండి," అంది భార్య.

దర్జీ సుద్దముక్క అందుకుని, కొలత ఖాయం చేసినట్టు సరస్సు చుట్టూ గీత గీశాడు.