కడగని ట్యాంకు

ఆ ఉదయం చేనిగట్టు మీద ముగ్గురం: మావ, అత్త, నేను. మా పక్కన పదహారు లీటర్ల స్ప్రే ట్యాంకు, ఖాళీ పురుగుమందు సీసా. ఎదురుగా మెలితిరిగి వాలిపోయిన ఎకరం మినుము. ఈ జాబితాలో నేను చెప్పనిది ఒకటుంది. ఆరేళ్లుగా మోస్తున్నాను. మీకే చెబుతున్నాను.

ట్యాంకు మావది. నాలుగు రోజుల ముందు అడిగి తెచ్చుకుని మా వరిలో కలుపుమందు కొట్టాను. వెడల్పాకు మొక్కల్ని చంపే మందు. మినుమూ వెడల్పాకు మొక్కే. వాడాక ట్యాంకును సబ్బునీళ్లతో మూడుసార్లు కడగాలి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినవాణ్ణి, సూచనలు చదవకుండా స్క్రూ కూడా విప్పను. ఆ రోజు మాత్రం ఒక్కసారి నీళ్లు తిప్పి పారబోసి ఇచ్చేశాను. ఎందుకంత తొందర? ఇంట్లో జెన్ ధ్యానం పుస్తకం సగంలో ఉంది. గిన్నె కడిగేటప్పుడు మనసు గిన్నె మీదే ఉండాలని చెప్పే అధ్యాయం. నవ్వొస్తే నవ్వండి.

అదే ట్యాంకులో మినుముకు పురుగుమందు కలిపింది అత్త. మావ ఆమెనే పట్టుకున్నాడు, మూతతో కొలిచావా, చేతికొచ్చినట్టు పోశావా అని. కొలిచానంది. మళ్లీ అడిగితే కొలిచాననే అంది. మూడోసారి, ఏమో మరి, అంది.

అక్కడ నేను నోరు విప్పాలి. విప్పాను.

“తప్పెవరిదని ఎతక్కు మావా. ఆ ఎతకడమే బాధ. ఉన్నదాన్ని ఉన్నట్టు సూడు.”

మావ అత్తను వదిలి నా వైపు తిరిగాడు. “సదువుకున్నోడివి, నువ్వు సెప్తే నిజమే అయ్యుంటాది. సరే, దీన్నేటీ అనను.”

“నువ్వు లేకపోతే నన్ను సంపేసీవోడు బాబూ,” అంది అత్త.

ఆ మాటల్ని నేను నమ్మానా? నమ్మి ఉంటే ముందు నా తప్పునే ఉన్నట్టు చూసేవాణ్ణి కదా. క్షమించమని మావకు బోధించి, క్షమించాల్సింది ఎవరినో దాచాను. చెయ్యని తప్పుకు అత్త క్షమ పొందింది, పైగా నాకు రుణపడింది. మావ మాట తప్పలేదు, ఏమీ అనలేదు. మందు మాత్రం మళ్లీ ఆమెను ముట్టుకోనివ్వలేదు.

నా బోధ ఊళ్లో పాకింది. నలుగురూ అడిగితే నరసన్నపేటలో ఆదివారం ధ్యానం క్లాసు పెట్టాను.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. తెలుసు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు లేదు.

కిందటేడు నుంచి అత్త కూడా క్లాసుకు వస్తోంది. ఎందుకని అడిగాను. ఆ మినుము పాడుచేసిన సంగతి మనసులోంచి పోవడం లేదట, ఎలా వదిలెయ్యాలో నేర్పమంది. చివరి వరసలో కళ్లు మూసుకుని కూర్చుంటుంది.

ఇప్పటికి నలభై ఒక్క ఆదివారాలు.