నోట్లో పెట్టుకోని బిరడా

రక్తపరీక్షల ల్యాబ్‌లో ఫోనెత్తే ఆవిడకి అసహ్యం పుట్టించడం అంత తేలిక కాదు. సరిగా మూత బిగించని సీసాలు, వాటిని ముక్కు మూసుకుని తెచ్చిచ్చే జనం, వీటి మధ్యే కూర్చుని ఆవిడ నిమ్మళంగా అన్నం తినగలదు. అలాంటి మనిషికి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట వింటే అసహ్యం పుట్టేది. ఆ మాట లాబొరేటరీ.

తప్పు మాటది కాదు, యజమానులది. ఇద్దరూ అన్నదమ్ములు, చెరి సగం వాటా. ఫోనెత్తగానే బ్రిటిష్ వాళ్లలా అక్షరాలు మింగేసి ‘లబోరట్రీ’ అనాలని అన్నగారి పట్టు. అమెరికా వాళ్లలా చివర నాలుక మడతేసి ‘ల్యాబ్రటోరీ’ అనాలని తమ్ముడి పంతం. ఇద్దరిలో ఎవరూ ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు. అన్న రేడియో విని నేర్చాడు, తమ్ముడు సినిమాలు చూసి. ఫోన్ చేసేవాళ్లు మాత్రం ‘ల్యాబేనాండీ’ తప్ప ఇంకో మాట అని ఎరగరు.

ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మొగుడు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అందుకే ఓర్చుకుంది. గోడ కొక్కేనికి ఇస్త్రీ కోటు వేలాడితే అన్న వచ్చాడని మింగేది. సిరా మరకల కోటు వేలాడితే తమ్ముడొచ్చాడని మడతేసేది. ఆ మడత ధాటికి ఫ్యాను రెక్కలు ఓ క్షణం ఆగి వెనక్కి తిరిగేవి. నమ్మకపోతే మీ ఖర్మ, చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

ఓ సోమవారం కొక్కేనికి రెండు కోట్లూ ఒకదాని మీద ఒకటి వేలాడాయి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆవిడ సగం మింగి, సగం మడతేసింది. బయటికొచ్చిన చప్పుడు విని అవతలివాడు ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకి చూపించుకోమ్మా అని జాలిపడి పెట్టేశాడు.

అన్నదమ్ములు ఒంటికాలి మీద లేచారు. పుట్టాక మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చారు కూడా. నాలుక తిరగాలంటే పళ్ల మధ్య బిరడా బిగించి సాధన చెయ్యాలట. చేస్తేనే పర్మనెంటట. తమ్ముడు అలమరలోంచి పాత గాజుసీసా దించి, బిరడా పీకి, కోటుకు తుడిచి చేతికిచ్చాడు.

ఆవిడ బిరడా వైపు చూసింది. సీసా వైపు చూసింది. ‘మూత్రం’ అన్న చీటీ దానికింకా అంటుకునే ఉంది.

“కడిగిందేనమ్మా,” అన్నాడు తమ్ముడు.

“ఎప్పుడు సార్?”

తమ్ముడు అన్న వైపు చూశాడు. అన్న ఫ్యాను వైపు చూశాడు.

ఆవిడ ఆ బిరడాని చచ్చిన బొద్దింకలా రెండు వేళ్లతో పట్టుకుని వాళ్ల ముందు బల్ల మీద పెట్టింది.

“ఎవరి పలుకు సరైందో నాకు తెలీదు సార్. ముందు మీరు దీన్ని నోట్లో పెట్టుకుని అనండి. ఎవరంటే వాళ్లదే రైటు. చచ్చేదాకా అలాగే అంటాను.”

“కానియ్యరా,” అన్నాడు అన్న.

“పెద్దాడివి, ముందు నువ్వే,” అన్నాడు తమ్ముడు, జన్మలో చూపించని మర్యాద చూపిస్తూ.

బిరడా బల్ల మీదే ఉండిపోయింది. ఈ సంగతి రోగుల చెవిన పడితే ల్యాబ్ గతేమిటని తట్టిందేమో, సాయంత్రానికల్లా పర్మనెంట్ కాగితం ఆవిడ చేతికొచ్చింది. ఇప్పుడు ఫోనెత్తితే, “రక్తం తీసే చోటండీ, చెప్పండి,” అంటుంది.

బిరడా ఆవిడ పెదాలకైనా తగల్లేదు. అయినా ఆ ఇంగ్లీషు మాట ఎవరన్నా, ఏ దేశపు పలుకులో అన్నా, ఇప్పటికీ గబగబా వెళ్లి నోరు పుక్కిలించి వస్తుంది.