దురాయి వేసిన రోజు

మొన్న ఒక స్కూలు వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్ళాను. నాటకానికి తెర లేవగానే నా కళ్ళు రాజుగారిని వదిలేసి, వెనక బల్లేలు పట్టుకున్న భటుల మీదికి పోయాయి. ఈ అలవాటు మా పిన్ని వల్ల వచ్చింది.

పిన్ని వాకాడు అవతల, సముద్రపు హోరు వినిపించే స్కూల్లో తెలుగు చెప్పేది. ఏటా నాటకం ఆడించేది. రాజులూ రాణులూ మాలాంటి వరి రైతుల పిల్లలు. భటులు చేపలు పట్టేవాళ్ళుండే పాళెం పిల్లలు. "వాళ్ళకు నోరు తిరగదు రా" అనేది. ఒక ఏడు జాలరిని తాగి తూలే హాస్యపాత్ర చేసింది. పాళెం జనం సగంలో లేచి, తువాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ దులుపుడు పిన్నికి ఏడాదంతా వినిపించింది.

మరుసటేడు ఆమె కిరీటాల పెట్టె తెరవలేదు. ఎప్పుడూ బల్లెం మోసే పాళెం పిల్లకు, తుపానులో చిక్కిన పడవ కోసం ఎదురుచూసే తల్లి వేషం ఇచ్చింది. మాటలు పిల్లలే అల్లుకున్నారు. "అట్టా కాదబ్బా, ఏడుపు గొంతులో ఉండాల, మొఖాన కాదు" అని ఆ పిల్ల రైతుల పిల్లల్ని కసురుతుంటే పిన్ని మురిసిపోయేది.

నాటకం రోజు పొద్దున్నే పాళెంలో దురాయి వేశారని తెలిసింది. దురాయి అంటే పాళెం పెద్దల కట్టుబాటు. దాటినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు. పిన్ని చేతిలో కాఫీ చల్లారిపోయింది. "పిల్లల్ని పంపొద్దన్నారేమో రా. పోయినేడు చేసింది మర్చిపోతారా?" వెళ్ళి అడగడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. రంగులు పూసే వేళ దాటినా ఆ పిల్ల జాడలేదు. పిన్ని గేటుకూ వేదికకూ మధ్య తిరుగుతూనే ఉంది.

సాయంత్రం గేటు దగ్గర అలికిడి. ముందు ఆ పిల్ల, పక్కన తాత, వెనక పాళెం మొత్తం.

"ఏంది టీచరమ్మా, మొఖం అట్టా పెట్టుకున్నావు?" అన్నాడు తాత.

"దురాయి వేశారంట గదా..."

"ఏసినాం. ఈరోజు ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగకూడదని. మేం వేటకు పోతే మీ నాటకం ఎవురు చూస్తారు? అవునూ, ఈసారి తూలేవోడు ఎవురూ లేరు గదా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. నోరు తిరగనిది ఆ పూట ఆమెకే.

ఆ సాయంత్రం చివరిదాకా ఎవరూ లేవలేదు. మొన్నటి వార్షికోత్సవంలో మాత్రం, నాటకం అయిపోయాక కూడా భటుడి వేషంలోని ఒక పిల్ల బల్లెం పట్టుకుని వేదిక పక్కనే నిలబడి ఉంది. ఏళ్ళు వాటంతట అవి గడిచిపోతాయి గానీ, ఆ చేతిలో బల్లెం మాత్రం దానంతట అది దిగదు.