వర్తూరు కట్ట మీద రెండు కుక్కల గుంపులు, మధ్యలో నేను

మా చిన్నప్పుడు బెంగళూరు పక్కన వర్తూరు చెరువు కట్ట మీద పరుగెత్తాలంటే, ముందు కుక్కలు ఎక్కడున్నాయో చూసుకోవాలి...

మా నాయనది చికెన్ అంగడి. కదిరి వైపు నుంచి వచ్చి కట్టకు ఈ చివర పెట్టుకున్నాడు. ఆ చివర నంజప్పగారి అంగడి. ఇద్దరికీ అస్సలు పడేది కాదు. ఆదివారం ఆయన ఐదింటికి షట్టరెత్తితే మా నాయన నాలుగున్నరకే ఎత్తేవాడు. ఆయన కొసరుగా కార్జం వేస్తే, ఈయన కందనకాయ కూడా వేసేవాడు.

ఈకలూ పేగులూ మాత్రం ఇద్దరూ కట్ట కిందే పారబోసేవాళ్ళు... ఎవరి చివర వాళ్ళు. పైన గద్దలు, కింద కుక్కలు. కుక్క నోటి దగ్గరి పేగును గద్ద తన్నుకుపోయేది. తిండి పెరిగేకొద్దీ కుక్కలూ పెరిగాయి. రెండు గుంపులయ్యాయి. కట్ట మధ్యలో ఉన్న తూమే వాటి సరిహద్దు. ఏ కుక్కయినా పొరపాటున దాటిందా... ఆ అరుపులకు మేం ఇంట్లో అన్నం తింటూ చేయి ఆపేసేవాళ్ళం.

నంజప్పగారి కూతురు మంజుల, నేను ఆరో తరగతి. కన్నడ బడి. కన్నడంలో 'ఓడు' అంటే పరుగెత్తు అని. బడిలో చేరిన కొత్తలో పిల్లలంతా "ఓడు, ఓడు" అని అరుస్తుంటే నన్ను ఓడిపొమ్మంటున్నారనుకుని ఏడ్చేశాను! పరుగులో ఎప్పుడూ మంజుల ముందు, నేను వెనక. ఆ ఏడు తాలూకా పోటీకి ఒక్క ఆడపిల్లనే పంపుతామన్నారు పీటీ మాస్టారు. సోమవారం పరుగు పెట్టి తేలుస్తారట.

ఇక రోజూ పొద్దున్నే ఇద్దరం కట్ట మీదే. నేను మా చివర నుంచి తూము దాకా, తను వాళ్ళ చివర నుంచి తూము దాకా. ఎదురుపడినా పలకరించుకునేవాళ్ళం కాదు.

"తూము దాటొద్దు పాపా... ఆ పక్క కుక్కలకి నువ్వెవురో తెల్దు" అని నాయన రోజూ చెప్పేవాడు.

శనివారం పొద్దున మంచు బాగా పట్టింది. మంజుల కనబడలేదు. ఈ రోజు రాలేదు, తనకంటే కాస్త ఎక్కువ దూరం పరుగెత్తేద్దామనిపించింది...

తూము దాటాను.

ముందు గుర్రుమన్న చప్పుడు వినబడింది. ఆ తర్వాతే కుక్క కనబడింది. ఒకటి కాదు, ఆరేడు. వెనక్కి తిరిగితే... నా వెంటే మా వైపు గుంపు వచ్చేసింది. అవీ పళ్ళు బయటపెట్టాయి. గౌను తడిసిపోయింది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

"నింత్కో! ఓడబేడ!"

మంచులోంచి మంజుల గొంతు. నిలబడు, పరుగెత్తొద్దు అంటోంది. తనే నడుచుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది. ఇద్దరం కదల్లేదు. కుక్కలూ కదల్లేదు. ఇక పోతాయేమో అనుకునేలోపు మా వైపు నుంచి ఒకటి ఎగిరి అవతలి కుక్క మెడ పట్టింది.

నేను చేయి విదిలించుకుని పరుగెత్తాను.

వెనక మంజుల కేక వినబడింది. నేను తిరిగి చూడలేదు...

అంగడి ముందు పడితే, "ఏమాయె పాపా?" అని నాయన నన్ను ఎత్తి కుదిపాడు. "మంజుల... తూము..." అంతే వచ్చింది నోట. షట్టరు లాగే ఇనుప కడ్డీ పట్టుకుని పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి చేతుల్లో మంజుల ఉంది. పిక్క చీలిపోయింది. నాయన లుంగీ మీద ఎప్పుడూ రక్తం మరకలే. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను. కొళాయి కింద కాలు పెట్టి, సబ్బుతో చాలాసేపు కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

నంజప్పగారు వచ్చారు. ఇక్కడే కొట్టుకుంటారనుకుని గోడకు అతుక్కుపోయాను.

"నిమ్మ కుక్కే... మీ కుక్కే కరిచిందంటనే" అన్నారాయన.

"నీ కుక్క, నా కుక్క యాడుండాయప్పా..." అన్నాడు నాయన. "అన్నీ మనం మేపినవే."

ఆయన మా నాయన పక్కనే బెంచీ మీద కూలబడ్డారు. ఆ వారమే ఇద్దరూ కలిసి పేగులు పూడ్చేందుకు గొయ్యి తవ్వించారు. ఆ తర్వాత కట్ట కింద ఈక కూడా పడలేదు.

కరిచింది మా వైపు చెవి తెగిన కుక్క. పది రోజులు దాన్ని కనిపెట్టుకుని ఉండమన్నారు డాక్టరు. అది చస్తే పిచ్చి ఉన్నట్టేనట. అప్పుడు మంజుల...? రోజూ కళ్ళు తెరవగానే నేను చేసే పని అదే. అంగడి మెట్టెక్కి, దూరం నుంచి దాని కోసం వెతకడం. ఒక రోజు మధ్యాహ్నం దాకా కనబడలేదు. సాయంత్రం లారీ కింద నిద్రపోతూ దొరికింది.

సోమవారం పరుగు పెట్టనే లేదు. మాస్టారు నా పేరే రాసేశారు. నేనూ సరేనన్నాను.

పదో రోజు కుక్క బతికే ఉంది. అప్పుడు ధైర్యం చేసి మంజుల వాళ్ళింటికి వెళ్ళాను. కాలికి కట్టుతో గడప మీద కూర్చుని ఉంది.

"నిన్ను వదిలేసి పరుగెత్తినా" అన్నాను.

"నేనూ పరుగెత్తాలనే అనుకుంటా ఉన్న్యా. నీ కాలు ముందు లేచింది, అంతే" అంది.

తాలూకాలో నేను మూడోదాన్ని. "నేనైతే ఫస్టు వస్తా ఉంటి" అంది మంజుల. అది నిజం. ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు బెంగళూరులోనే కుందలహళ్ళిలో ఉంటున్నాను. ఫోన్లో నొక్కితే చికెన్ గుమ్మం ముందుకే వస్తుంది. ఏ అంగడిదో, కోసిందెవరో తెలియదు. మా అమ్మాయి కూడా పరుగు పందేలకు వెళ్తుంది. మొన్న సెకండొచ్చింది. "ఫస్టొచ్చిన పిల్ల పేరేంటే?" అంటే, "తెలీదమ్మా, నంబర్ ఫార్టీ టూ" అంది...

మీరు చిన్నప్పుడు ఎవరితో పోటీపడ్డారో, ఆ మనిషి పేరు మీకు గుర్తుందా? గుర్తుంటే ఆ పేరు ఒక్కసారి కింద రాయండి... చదువుకుంటాను.