వెనకయ్యకు కుడి తెలియదు

మా వెనకయ్య ఎవరి పక్కనా నడవడు. ఎవరి ముందూ నడవడు. మనిషన్నవాడు కనబడితే చాలు, నాలుగడుగులు వెనక చేరతాడు. చేరి ఊరుకుంటే లోకానికి వచ్చే నష్టమేమీ లేదు. "ఎడమ! ఎడమ చూడు!" అని గావుకేకలు పెడతాడు. అసలు పేరు వాళ్ళమ్మకూ, జీతమిచ్చే ఓనరుకూ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

"వాడు పుట్టేటప్పుడే అంత నాయనా," అంటుంది పిన్ని, అంటే వాళ్ళమ్మ. "నొప్పులు మొదలయ్యాక కూడా, మీరు పదండి నేను వెనకాలే వస్తానన్నట్టు పొద్దుగూకేదాకా కూర్చున్నాడు."

నేను మనుషుల్ని తేలిగ్గా మెచ్చుకునే రకం కాదు. తూకానికి కొన్న పాత పుస్తకాలు చదివి చదివి, ఎవడేం చేసినా వెనక ఏ స్వార్థముందో వెతకడం నాకు అలవాటైపోయింది. వెనకయ్య వెనక మాత్రం ఏమీ దొరకలేదు. వాడి వెనక చేరే అవకాశం వాడు ఎవడికీ ఇవ్వడు కదా!

ఈ జబ్బు ఫుట్‌బాల్ వల్ల వచ్చింది. గోదాము వెనక ఖాళీ స్థలంలో మేం ఆడేవాళ్ళం. ఎడమ పక్క పొడుగాటి గోడ, కుడి పక్క మురికి కాలవ. వాడు గోల్‌కీపరు. గోల్‌కీపరు పని బంతి ఆపడమని మిగతా లోకం అనుకుంటుంది. అరవడమని వాడు అనుకున్నాడు. బంతి వాడి కాళ్ళ మధ్య నుంచి దర్జాగా వెళ్ళిపోతున్నా, వాడి నోరు మాత్రం "ఎడమ!" అంటూనే ఉండేది.

జట్టులో ఎవరెక్కడ ఆడాలో కూడా వాడే చెప్పేవాడు. నన్నెప్పుడూ గోడ పక్కనే నిలబెట్టేవాడు.

"మధ్యలో ఆడతాన్రా."

"నువ్వు గోడకే సరిపోతావు."

"ఎడమ ఎడమ అని చస్తావు. గోడలోంచి ఎవడొస్తాడ్రా?"

"గోడే రావచ్చు. చెప్పలేం."

గోడకే సరిపోతానట! ఆ మాట నాలో ముల్లులా దిగింది. నా బతుకు ఇలా మూలన పడటానికి అదే మొదటి మెట్టని చాలా ఏళ్ళు నమ్మాను.

పెద్దయ్యాక ఇళ్ళ సామాన్లు తరలించే కంపెనీలో ఇద్దరం చేరాం. మెట్లెక్కేటప్పుడు బీరువా బరువంతా వెనకవాడి మీదే పడుతుంది. తెలివైనవాడెవడైనా ముందు చెయ్యేస్తాడు. వీడు పోట్లాడి మరీ వెనక్కి వెళతాడు. వెళ్ళి, పళ్ళు బిగపట్టి మోస్తూ, ఆ పళ్ళ సందులోంచే "ఎడమ" అంటాడు. ఒకసారి ఆ కేకకు ఇంటావిడ ఉలిక్కిపడి, చేతిలో టీ కప్పుతో సహా కొత్త సోఫా మీద కూలబడింది. అప్పటికి ఆ సోఫా ఇంకా మా బాధ్యతలోనే ఉంది.

"ఎప్పుడూ ఎడమేనా? కుడి పక్క నుంచి ఏదీ రాదా?" అని ఓనరు నిలదీశాడు.

"కుడి సంగతి వాళ్ళే చూసుకుంటారు సార్," అన్నాడు వెనకయ్య ఎంతో నమ్మకంగా.

ఇలాంటివాడు ప్రేమలో పడ్డాడు. కర్టెన్లు కుట్టే దుకాణంలో అమ్మాయి. మొదటిసారి ఇద్దరూ షికారుకు వెళ్ళారు. మర్నాడే ఆమె నన్ను పిలిపించింది.

"మీ స్నేహితుడు మంచివాడేనా?"

"ఆ మాట నేను ఎవరి గురించీ చెప్పనండీ. ఏమైంది?"

"దారి పొడుగునా నా వెనకే నడిచాడు. పోకిరీ వెంటపడ్డాడనుకుని ఒక పెద్దాయన గొడుగుతో బాదబోయాడు. పైగా నన్ను బండిని తోలినట్టు ఎడమా ఎడమా అని అదిలించాడు. నాకు మొగుడు కావాలి గానీ బండివాడు కాదు. ఆదివారంలోగా మనిషి మారితే సరే. లేదంటే ఇంతటితో సరి."

వెనకయ్య తిండి మానేశాడు. పిన్ని నా మీద పడింది. "ఒరే, ఏ పుస్తకంలోనైనా దీనికి మందుంటే చూడరా!"

శనివారం వాణ్ణి బజారుకు లాక్కెళ్ళాను. "ఇవాళ నువ్వు ముందు నడు. నేను వెనక."

"వద్దురా."

"పెళ్ళి కావాలా, వద్దా?"

ముందు నడిచాడు. నడవడమంటే, గుడ్లగూబలా మెడ తిప్పి నన్నే చూస్తూ నడిచాడు. "ముందుకు చూడరా!" అని కసిరాను. చూశాడు. ఆ ఒక్క క్షణంలోనే, రోడ్డు పక్కన ఆగిన వ్యాను తలుపు తెరుచుకుని నా నుదుటికి ఠపీమని తగిలింది. ఎడమ పక్క నుంచి.

నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసక. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. లోకం జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

వాడు పరుగున వచ్చి నా బొప్పి మీద అరచెయ్యి అదిమాడు. "అందుకే వద్దన్నా! ఎడమ పక్క నీకు..." అని ఠక్కున నోరు మూసుకున్నాడు.

"నాకు?"

వాడు బొప్పిని ఇంకా గట్టిగా రుద్దసాగాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా?"

"గోదాము కాడే. ఎడమ నుంచి బంతొస్తే, అది కాలికి తగిలాక ఆశ్చర్యపోయేవాడివి. గోడ పక్కనైతే అటునుంచి ఎవడూ రాడు కదాని..."

"మరి ఊరందరికీ ఎందుకు అరుస్తావురా?"

"నీ ఒక్కడికే అరిస్తే అందరికీ తెలిసిపోదూ? పెద్ద కుర్రాళ్ళు జట్టులోంచి తీసేసేవాళ్ళు. అప్పుడు ఆటయ్యాక నాతో ఇంటికి నడిచొచ్చేదెవడు?" తల గోక్కున్నాడు. "తర్వాత అలవాటైపోయిందిలే."

వాడి చెయ్యి పట్టుకుని వ్యాను దగ్గర్నుంచి పక్కకు లాగాను.

"ఆమెకీ మాట చెబితే సరిపోయేది కదరా?"

"నీ మాట నేనెలా చెబుతాను?"

తిన్నగా దుకాణానికి వెళ్ళాను. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని నీలం గుడ్డ మడుస్తోంది. "నా ఎడమ కన్ను సరిగా కనపడదండీ," అన్నాను. పైకి అనడం అదే మొదటిసారి. మిగతాదంతా గడగడా చెప్పేశాను. ఆమె ఒక్కొక్క సూదీ తీసి పెట్టెలో వేసింది.

"ఊరందరికీ అరిచాడా? ఇన్నేళ్ళూ?"

"మొన్న మీతో సహా."

నవ్వు ఆపుకోలేక కర్టెన్‌లో మొహం దాచుకుంది. "సరే. కానీ ముగ్గురం పక్కపక్కనే నడవాలి. మీకు ఎడమ పక్క అతను, అతనికి అవతల పక్క నేను. అప్పుడు అరవాల్సిన పనేముంది?"

ఆదివారం రోడ్డంతా మాదే అన్నట్టు నడిచాం. వెనక సైకిళ్ళవాళ్ళు బెల్లులు కొట్టీ కొట్టీ తిట్టుకున్నారు. మధ్యలో వెనకయ్య, పెళ్ళివారింట్లో తప్పిపోయిన పిల్లాడిలా మాటిమాటికీ వెనక్కి తిరిగి, "వెనకంతా ఖాళీగా ఉందిరా," అని గొణుగుతున్నాడు.

"ముందు!" అని ఆమే నేనూ ఒక్కసారే అరిచాం.

అప్పటికే దీపస్తంభం వాడి నుదుటిని పలకరించింది. సరిగ్గా నా బొప్పికి జతగా వాడికీ ఒకటి లేచింది. వాడు స్తంభాన్ని తడిమి తడిమి చూసి, గొప్ప సంగతేదో కనిపెట్టినవాడిలా నా వైపు తిరిగాడు.

"ఒరే, ముందు నుంచి కూడా వస్తాయన్నమాట!"