పన్నెండో మెట్టు

వాడపల్లిలో వరద కబురు ఫోన్‌లో వస్తుంది. ఎగువ ప్రాజెక్టు నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు, తీరంలో ఉన్నవాళ్లు జాగ్రత్త అని. మాకు కావలసింది ఆ అంకె కాదు. రేవులో పై నుంచి ఎన్ని మెట్లు పొడిగా మిగులుతాయో ఎవరైనా చెప్పాలి. అన్నా నేనూ కలిసి పెట్టుకున్న మోటారు పన్నెండో మెట్టుకు సమంగా, ఒడ్డున దిమ్మె మీద ఉంటుంది. పన్నెండు మెట్లు మిగిలితే అది బతుకుతుంది. పదకొండే మిగిలితే మునుగుతుంది. ముందే విప్పి పైకి మోయాలంటే నలుగురు మనుషులు కావాలి, సగం రోజు పోతుంది.

ఏడో తరగతితో బడి మానేసిన నేను క్యూసెక్కు అంటే ఏమిటో మిర్యాలగూడ గ్రంథాలయంలో నేర్చుకున్నాను. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఘనపుటడుగు అర్థం కావడానికి ఇంకో పుస్తకం తీయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం బస్సులో పక్క సీటాయన అడగకపోయినా ఆయనకు అంతా వివరించాను. తర్వాత మూడు వానాకాలాలు నోటుబుక్కు రాశాను. ఒక గడిలో ఫోన్‌లో వచ్చిన అంకె, ఎదురుగా మిగిలిన మెట్లు. రేవులో అందరూ నన్నే అడగడం మొదలుపెట్టారు. గర్వంగానే ఉండేది.

పోయిన ఏడాది నారు పోసి పదిహేను రోజులైనా మా దగ్గర చినుకు లేదు. పైరాష్ట్రాల్లో పడ్డ వాన మాత్రం నది నిండా వస్తోందని కబురు.

"ఏందిరా, ఎన్ని మిగుల్తయంటది నీ బుక్కు?" అన్నాడు అన్న.

"పద్నాలుగు. మోటరు ఇప్పద్దు. నారు ఎండుతది."

"ఖాయమేనా?"

"మూడేండ్ల లెక్క అన్నా!"

తెల్లవారి చూస్తే తొమ్మిదే మిగిలాయి. మోటారు ఉన్న చోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

దిగువ ప్రాజెక్టు అప్పటికే నిండి ఉంది. పోయే దారి లేక నీళ్లు వెనక్కి ఎగదన్నాయి. మూసీ కృష్ణలో కలిసే చోటు మాది, ఇక్కడ అలాగే జరుగుతుంది. ఈ సంగతి చెప్పే పేజీ నేను చదివిందే. కానీ ఫోన్‌లో వచ్చేది ఒక్క అంకె గనక, నేనూ ఒక్క గడే గీసుకున్నాను.

"మీ తమ్మునితోటి మోటరును గూడ లైబ్రరీకి తోలుండ్రి, జర సదువుకోని వస్తది," అంది వదిన.

వైండింగ్ షాపులో మా మోటారుకు ముందే ఒడ్డున మునిగిన మిగతా మోటార్లు వరుసగా ఉన్నాయి. బాగై వచ్చేదాకా పక్క రైతును బతిమాలి నారుకు నీళ్లు పెట్టుకున్నాం. ఆ మధ్యలో కబురు పంపే ఆఫీసుకు ఫోన్ చేసి, దిగువన నీళ్లు ఎంత ఉన్నాయో కూడా రాయమని, వీలైతే మా రేవు మెట్లలో చెప్పమని అడిగాను.

"మెట్ల లెక్క మా దగ్గర ఉండదయ్యా," అని అవతలివైపు ఆయన నవ్వాడు. దిగువ అంకె మాత్రం చెప్పాడు. తర్వాత రోజూ ఫోన్ చేసి అడిగి, నోటుబుక్కులో రెండో గడి గీశాను.

మోటారు బిగించిన మూడో రోజే మళ్లీ కబురు. దిగువన నీళ్లు తగ్గాయి. రెండు గడులూ చూస్తే పదిహేడు మెట్లు మిగలాలి. నేను నోటుబుక్కు తెచ్చేసరికి అన్న భుజాన తాడుతో, వెంట ఇద్దరు మనుషులతో రేవు దిగుతున్నాడు. ఎన్ని మెట్లని అడగలేదు. నేను నోరు మూసుకుని నాలుగో మనిషినయ్యాను.

మర్నాడు మోటారు మా వాకిట్లో ప్లాస్టిక్ పట్టా కింద ఉంది. ఎండకు నారుమడి నెర్రెలివ్వడం మొదలుపెట్టింది. మోటారు తిరిగి దించడానికి అన్న మనుషుల కోసం పోతే, పక్క రైతును మళ్లీ అడగడానికి మొహం చెల్లక వదినా నేనూ నది నుంచి బిందెలతో నీళ్లు మోస్తున్నాం.

"ఇంతకు ఎన్ని మిగిలినయ్?" అంది.

"పదిహేడు."

"నీ బుక్కుల?"

"పదిహేడే."

వదిన బిందె కింద పెట్టింది. "గయితే నిన్న జర గట్టిగ జెప్పొద్దా!"

నేను ఆ బిందె కూడా ఎత్తుకున్నాను. ఇంకా సగం మడి తడవాల్సి ఉంది.