ఫోటో అంచున బాపు కాళ్ళు

మా చిన్నప్పుడు... తెల్లవారితే మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచేవారు కాదు.

సోలాపూర్ నీలం నగర్‌లో ఒకే గది ఇల్లు. నాన్నను బాపు అనేవాళ్ళం. రాత్రి పాళీ ముగించుకుని పొద్దున్నే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిచే కార్ఖానా నుంచి వచ్చేవాడు. జుట్టులో, కనుబొమల మీద దూది నూగు. చాయ తాగి గోడవారగా పడుకునేవాడు.

ఇక ఇల్లంతా సైగలే... ఉప్పు కావాలంటే వేళ్ళు నలిపి చూపాలి. నీళ్ళకైతే బొటనవేలు నోటి దగ్గర. పక్కింటి సాంచాలు దడదడలాడినా బాపు కదిలేవాడు కాదు. మా ఇంట్లో గంటె కింద పడితే మాత్రం ఉలిక్కిపడి లేచేవాడు. అందుకే గిన్నెలు బొంత మీద పెట్టేవాళ్ళం.

ఆ పొద్దు కూడా అంతే. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను కత్తెరతో బీడీ ఆకు కోస్తున్నాను. తమ్ముడు అమ్మ భుజానికి ఆనుకుని కునుకుతున్నాడు. ఊరి నుంచి వచ్చిన మా మామ, ఎవరిదో కెమెరా పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"నవ్వుండ్రి!" అని గట్టిగా అరిచాడు.

అమ్మ గాభరాగా మూతి మీద వేలు పెట్టింది. అదే ఫోటోలో పడింది.

నడుమ అమ్మ, తమ్ముడు. కుడి అంచున నేను. ఎడమ అంచున, చద్దర్ కింద నుంచి బయటికి వచ్చిన బాపు కాళ్ళు.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. గోడ మీది దండ ఫోటో స్టూడియోలో బిగుసుకుని దిగింది. ఇంట్లో ఉన్న బాపు మాకు ఈ కాళ్ళ మేరకే మిగిలాడు...

మొన్న మా వాడలో 'అమ్మ' అని పాత ఫోటోల పోటీ పెట్టారు. తమ్ముడు ఆ ఫోటోను మొబైల్లోకి ఎక్కించుకుని సాయంత్రం వచ్చాడు. నేను దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"పోటీకి పంపే ఫోటో నాలుగు దిక్కులు సమానం ఉండాల్నటనే అక్కా. ఈ కాళ్ళ దిక్కు కోసేస్తే అయిపాయె."

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఎవలి కాళ్ళురా అవి?"

"బాపుయే. గని కాళ్ళకు బక్షీస్ ఇస్తరానే? పోటీ నీ పేరు మీదుంది."

"ఆ కాళ్ళు తీస్తే నేను మూతి మీద ఏలెందుకు పెట్టిన్నో ఎవలకెరుక? పోరగాండ్లను బెదిరిస్తున్న అనుకుంటరు. నన్ను గయ్యాళిదాన్ని జేస్తవా?"

తమ్ముడు నవ్వాడు. ఫోటోను అటూ ఇటూ జరిపి చూశాడు. కాసేపటికి నవ్వు తగ్గింది.

"గట్లయితే ఇటు దిక్కు కోయాలె. ఇటున్నది అక్కనాయె..."

పొద్దుటి నుంచి పనితో ఒళ్ళు అలిసి ఉంది. ఇంకా మాట పెంచే ఓపిక నాకు లేదు.

"కోయిరా" అన్నాను.

"దాన్నెట్ల తీస్తవురా? ఆకంతా కోసిందే అదాయె" అంది అమ్మ.

"నేను నీ ముంగటనే ఉన్న కదమ్మా."

అమ్మ నన్ను చూసింది. ఫోటోను చూసింది. తమ్ముడికి సరేనన్నట్టు తల ఊపింది. నా వైపు కోసి, బాపు కాళ్ళు ఉంచి పంపాలని ఆ సాయంత్రం అనుకున్నాం.

ఇప్పుడు ఎవరి గది వారిది... ఎవరి నిద్ర వారిది. మీ పాత ఫోటోల అంచుల్లో ఎవరున్నారో ఒకసారి తీసి చూడండి... వీలైతే నాకూ చెప్పండి.